బ్యాటరీకి మంచినీళ్లు

మా టెలిఫోన్ ఎక్స్ఛేంజిల రెండు గదులు ఉండె. ముందు గదిల వైర్ల బోర్డు, దాని ముందల రెండు ఎత్తు కుర్చీలు, చెవులకు సెట్టు తగిలించుకొని దినమంత "నంబర్ ప్లీజ్" అనుకుంట మేము. ఎనుక గదిల చెక్క బల్లల మీద రెండు వరసల బ్యాటరీ సెల్లులు. ఒక్కొక్కటి మోకాలెత్తు గాజు తొట్టి, లోపల సీసం పలకలు, పలకలు మునిగేదాక యాసిడు. ముందు గది నోరైతే ఎనుక గది గుండె అని మా సూపర్వైజరు కొత్తగ వచ్చినోళ్లకు చెప్పేటోడు. నాకు గసొంటి మాటలు నచ్చవు. అంత గుండె అయితే ఆ గదికి ఒక ఫ్యాను ఎందుకు లేదని అడిగిన. ఆయన ఇంకెప్పుడు నా ముందల ఆ మాట అనలే.

ఇది ఎనభైలల్ల సంగతి. ఊరు నల్లగొండ జిల్లాల, చౌటుప్పల్ కాడ పెద్ద రోడ్డు ఇడిచిపెట్టి లోపలికి పోతె వస్తది. పేరు చెప్ప. నేను మహబూబ్‌నగర్ల బి.ఎస్సీ. చదివిన, కెమిస్ట్రీ. కొలువు మాత్రం దొరికింది ఫోన్ల దగ్గర. మా ఆయన పని మహబూబ్‌నగర్ల, మూడేండ్ల నా బిడ్డ కోస్గిల మా అమ్మ దగ్గర, నేను ఈ ఊర్ల ఒక కిరాయి అర్రల. బిడ్డను తెచ్చుకోలేదేందని అందరు అడిగేటోళ్లు. అడిగినోళ్లను వాళ్ల పిల్లల నోట్లకే చూడమనేదాన్ని. మోటు మాటే. గాని ఆ ఊర్ల పిల్లలు నవ్వితె పండ్ల మీద పసుపు గీతలు కనవడేటియి. నలభై దాటినోళ్లు పక్కకు చూడాల్నంటె మెడ తిరగదు, మొత్తం మనిషే తిరగాలె. బోరు నీళ్లల్ల ఫ్లోరైడు. నా బిడ్డ బొక్కలు ఆ నీళ్లతోని పెరగొద్దని నేను పాలిచ్చే వయసులనే దాన్ని దూరం పెట్టుకున్న.

సర్కారోళ్లు ఊరి చివర ఒక తొట్టి కట్టిచ్చిన్రు. ఫ్లోరైడు పోనీకి బోరు నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, తేటగైనంక పొద్దున ఒక గంటసేపు నల్ల ఇడిచేటోళ్లు. ఇంటికి రెండు బిందెలు. ఎండకాలమైతె ఒకటే. వేరే ఊర్లల్ల తాగే నీళ్లు ఏవైనా మంచినీళ్లే. ఈ ఊర్ల మాత్రం ఆ మాటకు ఒక్కటే అర్థం: తొట్టికాడి నీళ్లు. మిగిలినవి ఎంత తేటగున్నా ఉత్త నీళ్లు. ఎవరింటికన్న పోతె "మంచినీళ్లు ఇయ్యాల్నా?" అని అడుగుతరు గద, అక్కడ ఆ మాట ఊకె మర్యాదకు అడిగేది గాదు. ఇంట్ల దాచుకున్నదాంట్లకెల్లి తీసి ఇస్తమని.

బ్యాటరీ గదిని చూసుకునేది చాచా. అందరం ఆయనను చాచా అనే పిలిచేటోళ్లం, ఆయనకంటె పెద్దోడైన సూపర్వైజరు గూడ. రోజు కూలీ మజ్దూరు. ఆఫీసు ఊడ్చుడు, స్తంభాలెక్కుడు, తాగే నీళ్లు తెచ్చుడు, సెల్లులకు నీళ్లు పోసుడు, డీజిల్ ఇంజను తిప్పుడు, అన్ని ఆయనే. వయసు యాభై గూడ లేదు, మోకాళ్లు మాత్రం బయటికి వంగి నడుస్తుంటె మనిషి రెండు దిక్కులా ఊగేటోడు. స్తంభమెక్కుడు బందు చేయిచ్చిన్రు గాని రికార్డుల ఆ పని ఆయన పేరు మీదనే ఉండె. చదివింది ఉర్దూల నాలుగో తరగతి. సెల్లుల యాసిడు చిక్కదనం కొలిచి, ఒక నోటుబుక్కుల ఉర్దూ అంకెలల్ల రాసేటోడు. ఇంజనీరు సారుకు అవి చదువరావు, నాకూ రావు. చాచా చదివి చెప్తుంటె నేను ఇంగ్లీషు రిజిస్టరుల ఎక్కించేదాన్ని.

"నాలుగో నంబరుకు ఇయ్యాల దిల్ బాగలేదు బేటీ," అనేటోడు.

"దిల్ అని రాయనా చాచా రిజిస్టరుల? అంకె చెప్పు."

చెప్పేటోడు. ఒక్కనాడు గూడ తప్పు అంకె చెప్పలే. నేనే తప్పు ఎక్కిస్తె మళ్ల చదివిచ్చుకొని పట్టుకునేటోడు.

ఆ గది పని ఏందో చెప్పాలె. కరెంటు పోంగనే బ్యాటరీ అందుకుంటది, అదే చిటికెల. ఫోన్ల మాట్లాడేటోళ్లకు తెల్వనే తెల్వదు. గాని అది ఎంతసేపని మోస్తది? అందుకని ఎనుక షెడ్డుల డీజిల్ ఇంజను. చాచా పోయి హ్యాండిలు తిప్పాలె, అది దగ్గి దగ్గి లేవాలె, నిలదొక్కుకున్నంక భారమంత దాని మీదికి మార్చాలె. ఇంజను నడుస్తున్నంత సేపు అదే కరెంటుతోని బ్యాటరీ మళ్ల నిండాలె. ఒకటి జల్దిది, ఒకటి ఓపికది. ఏ ఒక్కదానితోనీ పని నడవదు.

"మియా బీవీ లెక్క," అనేటోడు చాచా.

"ఏది మియా, ఏది బీవీ?"

"ఒర్రేది ఇంజను గద. ఇంక అడుగుతవేంది?"

"ఇంటికి పోయి చాచీ ముందల గిట్ల అను, చూద్దాం."

"నాకు ఇంకో రెండేండ్లు బత్కాలనుంది బేటీ," అని నవ్వేటోడు. ఆ రెండేండ్ల లెక్కకు ఒక మతలబు ఉండె. ఏండ్ల తరబడి చేస్తున్న రోజు కూలీలను పర్మినెంటు చేస్తమని పైనుంచి కాగితం వచ్చింది. పేర్లు పోయినయి, మా ఊరి నుంచి చాచా పేరు గూడ. పర్మినెంటయితె జీతం, దవాఖాన, పనిచేసే శక్తి పోయినంక పెన్షను. ఆ మోకాళ్లతోని ఇంకెన్నేండ్లు పనిచేస్తడో ఆయనకే తెల్వదు. అందుకే ఆ లిస్టు కోసం ఆయన చూసినట్టు నేను నా బదిలీ కోసం గూడ చూడలే. పెండ్లి అయిన్నుంచి కిరాయి ఇంట్లనే బత్కుతున్న చాచీకి, లిస్టు రాంగనే ఒక జాగా చూస్తనని మాటిచ్చిండంట.

బ్యాటరీ చార్జి అయినప్పుడల్ల లోపలి నీళ్లు కొంచెం కొంచెం ఆవిరైపోతయి. యాసిడు పోదు, నీళ్లే పోతయి. మళ్ల పలకలు మునిగేదాక పోస్తుండాలె. అవి మామూలు నీళ్లు కావు, కాచి ఆవిరిపట్టి దించిన డిస్టిల్ వాటరు. జిల్లా స్టోరు నుంచి ప్లాస్టిక్ డబ్బాలల్ల రావాలె. ఒక ఎండకాలం రాలే. డబ్బాలు కావాల్నని ఇండెంటు రాసిన. మళ్ల రాసిన. మూడోసారికి జవాబు వచ్చింది: పంపిన డబ్బాలు అందినట్టు రసీదు పంపలేదు, వెంటనే పంపుమని. పంపని డబ్బాలకు రసీదెట్ల పంపుతరని నాలుగో కాగితం రాసిన. నా కాగితాలల్ల మర్యాద తక్కువుంటదని సూపర్వైజరు దాన్ని సొరుగుల పెట్టి తాళమేసిండు.

ఆ రోజులల్లనే ఒకనాడు పొద్దున బోర్డు మీద నేను ఒక్కదాన్నే ఉన్న. పల్లీల మిల్లు షావుకారు హైదరాబాదు కాలు బుక్ చేసి గంటయిందని నా మీద ఒర్రుతున్నడు. "నేను ఇక్కడ కూసొని నీ వైరు నమిలి మింగుతలేను సేటూ, లైనే లేదు," అని నేను ఒర్రుతున్న. చాచా తలుపు కాడికొచ్చి నిలబడ్డడు.

"బేటీ, డబ్బ ఖాళీ. రెండు సెల్లులు పలకలు బయటపడ్డయి. ఏం పొయ్యాలె?"

సెట్టు ఒక చెవి నుంచి జరిపి, షావుకారును ఆగమని, చాచా దిక్కు సగమే తిరిగి చెప్పిన. "మంచినీళ్లు చాచా."

"మంచినీళ్లా?"

"మంచినీళ్లే పొయ్యాలె. బోరు నీళ్లు మాత్రం దగ్గరికి రానియ్యకు. పలకలు ఖరాబైతయి."

"బోరు నీళ్లు మనుషులకే పడ్తలెవ్వు, మిషనుకేం పడ్తయి," అనుకుంట పోయిండు.

మహబూబ్‌నగర్ కాలేజీల ల్యాబు అటెండరు డిస్టిల్ వాటరును మంచినీళ్లు అనేటోడు, నల్లల వచ్చే నీళ్లను ఉత్త నీళ్లు అనేటోడు. "ఏ అమ్మా, మంచినీళ్లతోని చేతులు కడుగుతున్నవా, నీ నాయిన తెచ్చిండా?" అని నన్ను ఎన్నిసార్లు తిట్టిండో. మూడేండ్లు విన్న ఆ మాట నా నాలిక మీద ఉండిపోయింది. డబ్బాలు రేపో మాపో వస్తయి, వచ్చినంక అవే పొయ్యుమని నేను చెప్పిన. తొట్టికాడి నీళ్లు పొయ్యుమని ఆయన విన్నడు. ఒక్క మాట. సెట్టు తీసి, కుర్చీ దిగి, ఎనుక గదిలకు నడిస్తె పది అడుగులు. దిగలే. షావుకారుకు గెలిచి జవాబు చెప్పాలె గద.

ఆ ఎండకాలమంత ఆఫీసుల నీళ్ల కుండ ఎప్పుడు చూసినా అడుగుకే ఉండె. ఒకనాడు నాకు మండింది.

"చాచా, మేము తాగాల్నా వద్దా? తొట్టికాడికి పోతున్నవా, తోవల ముచ్చట్లు పెడ్తున్నవా?"

"ఒక్కటే బిందె ఇస్తున్రు బేటీ. ముందు మిషనుకు, మిగిలితె మనకు."

నేను పరాచికమనుకున్న. "ఔ, మిషనుకు లస్సీ గూడ పొయ్యి," అన్న. ఆయన నవ్వలే. ఆ తర్వాత తన ఇంటి బిందెల నుంచి సగం తెచ్చి మా కుండల పోసేటోడని, ఇంట్ల ఆయనా చాచీ బోరు నీళ్లు తాగిన్రని నాకు చాన రోజులకు తెల్సింది. యాసిడు సెల్లులకేమో పటికతోని తేర్చిన నీళ్లు, మోకాళ్లు వంగిన మనిషికేమో విషం నీళ్లు. ఆ లెక్క ఆయనకు తప్పనిపియ్యలే. పలకలు ఖరాబైతయని నేనే చెప్పిన గద.

నోటుబుక్కుల అంకెలు దిగుడు మొదలైంది. ఆయన చదువుతుంటె నేను ఎక్కిస్తున్న, ఎక్కించినంక మర్చిపోతున్న. "మంచినీళ్లే పోస్తున్న బేటీ, అయినా బలం వస్తలేదు," అన్నడు ఒకసారి. పక్కనే కూసున్న మా ఇంకో ఆపరేటరు, "నీకు వస్తుందా చాచా బలం, వాటికి రానీకి?" అంటె ముగ్గురం నవ్వినం. సెల్లులు గూడ ముసలివైతయని నేను నా చదువంత ఉపయోగించి చెప్పిన. పక్షానికొకసారి రావాల్సిన ఇంజనీరు సారు, జీపుకు టైర్లు లేక, రాక రెండు నెలలైంది. గాజు తొట్ల అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుంటున్నది. ఆ తలుపు ముందల నుంచే రోజూ నేను టిఫిన్ డబ్బ కడుక్కోనీకి పోయేదాన్ని.

ఓట్లు లెక్కపెట్టే రోజు పట్టపగలు కరెంటు పోయింది. ఆరోజు ఊర్ల ఉన్న ప్రతి ఫోను మోగుతున్నది. ఎప్పటి లెక్కనే చాచా ఇంజను షెడ్డుకు ఊగుకుంట ఉరికిండు. ఇంజను దగ్గింది, లేవలే. మళ్ల తిప్పిండు. మాకు ఫికరు లేకుండె, బ్యాటరీ సగం దినమన్న మోస్తది గద. ఒక చాయ తాగేంత సేపు మోసింది. బోర్డు మీద లైటు బుగ్గలు ఎర్రగైనయి, మసకగైనయి, ఆరిపోయినయి. చెవులల్ల ఒక చప్పుడు ఉంటది, లైను ప్రాణంతోని ఉందని చెప్పే సన్న చప్పుడు. అది గూడ ఆగింది. అప్పుడు మెదిలింది నాకు ఏదో తప్పయిందని.

ఓడినోళ్లు ఎక్స్ఛేంజి మీదికి వచ్చిన్రు, గెలిచినోళ్లు గూడ వచ్చిన్రు. కావాల్నని లైన్లు కోసేసినమని ఇద్దరూ అన్నరు. "ఇద్దరికీ ఒక్కటేసారి కోసినం, ఇంతకంటె న్యాయమేముంటది?" అని నేను కిటికీలకెల్లి అన్న. రాయి వచ్చి అద్దానికి తాకింది. సాయంత్రం కరెంటు వచ్చినంక మొదటి కాలే పైనుంచి: విచారణకు ఆఫీసరొస్తున్నడు, ఎవ్వరూ ఊరు ఇడవొద్దు.

రెండు రోజులకు వచ్చిండు ఆఫీసరు. కోస్తా దిక్కు మనిషి, తెల్లబట్టలు, మర్యాదస్తుడే. వెంట మా ఇంజనీరు సారు గూడ, జీపుకు ఆరోజు టైర్లు దొరికినయి. సెల్లుల మూతలు తీసి చూసిన్రు. పలకలు తడి అట్టల్లెక్క చేతిల ఊడొచ్చినయి. ఆఫీసరు మూలకు చాచా సెల్లులకని నింపి పెట్టుకున్న డబ్బాల నుంచి కొన్ని నీళ్లు ఒక గాజు గొట్టంల పోసుకొని, జేబుల నుంచి నల్ల సీసా తీసి ఒక్క చుక్క వేసిండు. తేట నీళ్లు పాలు విరిగినట్టు తెల్లగైనయి.

సిల్వర్ నైట్రేటు. ఆ పరీక్ష నేను కాలేజీల పదిసార్లు చేసిన. క్లోరైడు ఉంటె తెల్లగైతది. క్లోరైడు యాడికెల్లి వస్తదో గూడ నాకు వెంటనే తెల్సింది: బ్లీచింగ్ పొడి. తొట్టికాడి నీళ్లు. పొద్దున నల్ల కాడ బిందె, మా కుండ అడుగు, "ముందు మిషనుకు" అన్న మాట, నేను నవ్విన నవ్వు, అన్ని ఒక్కసారే వచ్చి నిలబడ్డయి.

"ఇవి ఏం నీళ్లయ్యా?" అన్నడు ఆఫీసరు.

"మంచినీళ్లు సాబ్," అన్నడు చాచా. ఆయన గొంతుల భయం లేదు. గర్వమే ఉండె.

"మంచినీళ్లు బ్యాటరీలో పోస్తారా ఎవరైనా? ఎవరు చెప్పారు నీకు?"

చాచా నా దిక్కు చూడలే. నేను ఆయనకు రెండడుగుల దూరంల ఉన్న. ఆఫీసరు చేతిల గొట్టాన్నే చూసిండు. అంత మంచి నీళ్లు అట్లెందుకు విరిగినయో ఆయనకు సమజైతలేదు.

"ఎవ్వరు చెప్పలే సాబ్. నేనే పోసిన."

ఆఫీసరు నా దిక్కు తిరిగిండు. "మీరు సైన్సు చదివారట కదమ్మా. మీకు తెలుసా ఇతను ఇవి పోస్తున్నట్టు?"

నా బదిలీ కాగితం ఆ ఆఫీసరు బల్ల మీదనే ఉండె. నెల రోజుల సంది సంతకం కోసం. కోస్గిల నా బిడ్డ మా అమ్మను అమ్మా అని పిలుస్తున్నదని ముందటి వారమే ఉత్తరం వచ్చింది. ఇవన్ని కారణాలే. అబద్ధాలు గావు. ఇంతకంటె చిన్న విషయాలకు ఇంతకంటె పెద్దోళ్లతోని కొట్లాడిన మనిషిని నేను.

"తెల్వదు సార్," అన్న.

అంతటితోని అయిపోలే. చాచాది రాతమూలకంగ వాంగ్మూలం కావాలె, ఇంగ్లీషుల. ఆయనకు రాదు. ఆ గదిల చేతిరాత మంచిగున్నది నాదే. ఆఫీసరు చెప్తుంటె నేను రాసిన: ఎవరి ఆదేశమూ లేకుండ, నా సొంత అజ్ఞానంతోని, తాగే నీళ్లు బ్యాటరీల పోసిన. అజ్ఞానం అనే మాట కాడ నా పెన్ను ఒక్క నిమిషం ఆగింది. ఆఫీసరు స్పెల్లింగు తెల్వదేమో అనుకొని అక్షరాలు ఒక్కొక్కటి చెప్పిండు. చాచా ఉర్దూల సంతకం పెట్టిండు. కుడి నుంచి ఎడమకు, మెల్లగ, ఎప్పటి లెక్కనే ఒక్క చుక్క తప్పకుండ. "ఏం రాసిన్రు బేటీ?" అని అడిగిండు. "నువ్వు చెప్పిందే," అన్న.

లిస్టు వానకాలంల వచ్చింది. ఆయన ముందటోని పేరుంది, ఎనుకటోని పేరుంది. ఆయన పేరు లేదు. రేపటి నుంచి రావొద్దని సూపర్వైజరు చెప్తె, చాచా నోటుబుక్కు బల్ల మీద పెట్టి, షెడ్డు తాళంచెవి దాని మీద పెట్టి పోయిండు. నేను బోర్డు మీద ఉన్న. ఆరోజు లైన్లన్ని బాగనే ఉన్నయి, ఎవ్వరితోని కొట్లాట లేదు. కుర్చీ దిగాల్నంటె దిగొచ్చు.

నెల తిరక్కముందే నా బదిలీ వచ్చింది. మహబూబ్‌నగర్ల, కోస్గి నుంచి తెచ్చుకున్న బిడ్డ నన్ను అమ్మా అని పిల్వనీకి ఇంకో నెల పట్టింది.

తర్వాత చేతితోని కలిపే బోర్డులు పోయినయి, వాటంతటవే కలుపుకునే మిషన్లు వచ్చినయి. ఆపరేటర్లను ఏదో ఒక పనిల సర్దిన్రు. నేను పరీక్ష రాసి బ్యాటరీలు, జనరేటర్లు చూసే పనికి మారిన. ఆడమనిషికి ఆ యాసిడు కంపు పని ఎందుకని అందరు అన్నరు. ఎందుకో ఎవ్వరికి చెప్పలే. నా కింద పనిచేసేటోళ్లకు మాత్రం డిస్టిల్ వాటరు అని రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని. ఇంకో మాటతోని ఎవరన్న చెప్తె తిట్టేదాన్ని. నాకు పిచ్చి అనుకున్నరు.

తొంభైలు సగం దాటినంక హైదరాబాదుల ఒక ట్రైనింగు పెట్టిన్రు. ఒక ప్రొఫెసరు వచ్చి ముందు ముందు రాబోయే సంగతులు చెప్పిండు. ఫ్యూయల్ సెల్ అని ఒకటంట. హైడ్రోజన్ గ్యాసు ఒక దిక్కు నుంచి, గాలి ఒక దిక్కు నుంచి పోతయంట. మంట లేదు, చప్పుడు లేదు, కరెంటు వస్తదంట. అది మెల్లగ లేచేది గాబట్టి ఒక్కదాంతోని నడవదు, పక్కన బ్యాటరీ ఉండాలె. కరెంటు పోంగనే బ్యాటరీ అందుకుంటది, ఫ్యూయల్ సెల్ నిలదొక్కుకున్నంక భారం అది తీసుకొని బ్యాటరీని గూడ నింపుతది. డీజిల్ ఇంజను జాగాల అది వచ్చిందంతే, సంసారం పాతదే. విదేశాలల్ల టెలిఫోన్లకు, దవాఖానలకు పెట్టి చూస్తున్రని చెప్పిండు.

"సార్, మాకు డీజిలే రాదు. హైడ్రోజన్ ఎవలు పంపుతరు?" అన్నడు నా ఎనుక కూసున్నాయన. నవ్విన్రు.

"దాంట్ల పొగ రాదా?" అని ఇంకొకలు అడిగిన్రు.

"పొగ లేదు. నీళ్లు వస్తాయి. హైడ్రోజను, ఆక్సిజను కలిస్తే నీళ్లేగా. స్వచ్ఛమైన నీళ్లు."

నేను లేచి నిలబడ్డ. "ఆ నీళ్లు బ్యాటరీల పొయ్యొచ్చా సార్?"

గది మళ్ల నవ్వింది. ప్రొఫెసరు నవ్వలే. "భేషుగ్గా పోయొచ్చు. డిస్టిల్డ్ వాటరే అది. మనిషి తాగినా ఏమీ కాదు," అన్నడు.

రెండిటికీ పనికొచ్చే నీళ్లు. కూసున్న. తర్వాత ఆయన ఏం చెప్పిండో నేను వినలే. ట్రైనింగు ఇంకో రోజుండె. పొద్దున క్లాసుకు పోకుండ చౌటుప్పల్ బస్సెక్కిన.

రోడ్డు పక్కన కొత్తగ మందుల ఫ్యాక్టరీలు లేచినయి, లోపలి ఊరు మాత్రం అట్లనే ఉంది. చాచా ఇల్లు అడుక్కుంట పోయిన. అదే కిరాయి ఇల్లు, మసీదు ఎనుక గల్లీల, అటిటు గోడకు గోడ ఆనిచ్చి ఇండ్లు. వాకిట్ల నులక మంచం మీద కూసోని ఉన్నడు. నేను పక్క నుంచి వచ్చిన. మెడ తిరగలే, మంచం పట్టుకొని మొత్తం మనిషే తిరిగిండు.

"నంబర్ ప్లీజ్," అన్నడు. గుర్తుపట్టిండు.

నేను కింద రాయి మీద కూసున్న. చెప్పిన, ఆ రోజు నేను అన్న మంచినీళ్లు వేరని, ఆయన అనుకున్నవి వేరని, తప్పు నాదని, ఆఫీసరు ముందల చెప్పాల్సింది చెప్పలేదని. ఆయన చేతికర్రతోని నేల మీద గీతలు గీసుకుంట విన్నడు.

"ఇది నాకెందుకు చెప్తున్నవు బేటీ? చెప్పింది ఎవరో నాకెరుక లేదా? నా చెవులతోనే విన్న గద."

"మరి ఆరోజు నా పేరెందుకు చెప్పలే?"

"చెప్తె ఇద్దరి పని పోతుండె. నీకు చిన్న బిడ్డ." కర్ర ఆపిండు. "అయినా నువ్వే చెప్తవనుకున్న. అంత నోరున్నదానివి. సంతకం పెట్టిందాక చూసిన."



లోపల నుంచి చాచీ వచ్చింది, చాయ పట్టుకొని. నన్ను పోల్చుకోలే. ఆయన ఆమె దిక్కు గదువతోని చూపిచ్చిండు.

"నాకు గాదు, ఆమెకు చెప్పు. పదేండ్ల సంది తిడ్తున్నది నన్ను. చదువురానోడు, తెలివి లేక సర్కారు మిషను ఖరాబు చేసిండు, నోటికాడి కూడు చెడగొట్టుకున్నడని. ఎవరొచ్చినా గదే కథ చెప్తది. నేను చెప్తె నమ్మదు. నువ్వు చెప్పు. గట్టిగ చెప్పు, ఆమెకు చెవులు సరిగ వినరావు."

చెప్పిన. ఆమె చెవి దగ్గరికి జరిగింది. "ఆఁ?" అన్నది. ఇంకొంచెం గట్టిగ చెప్పిన. "ఏం నీళ్లు?" అన్నది. గల్లీల పక్కింటామె బట్టలారేసుడు ఆపింది. ఎదురింటి గడప కాడికి ఇద్దరొచ్చి నిలబడ్డరు. నేను లేచి నిలబడి, బోర్డు మీద షావుకార్లతోని ఒర్రినంత గొంతుతోని ఒర్రిన. "చాచాది తప్పు గాదు చాచీ. పొయ్యుమని చెప్పింది నేను. చదువుకున్నది నేను. అబద్ధం రాసింది నేను."

ఈసారి విన్నది. చాయ గ్లాసు గడప మీద పెట్టి నా ముందలికి వచ్చింది. తిడ్తదనుకున్న. తిడ్తె బాగుండు, తిట్లకు నాకు అలవాటే.

"అయితె ఇప్పుడు పర్మినెంటు చేస్తరా?" అని అడిగింది.

చాచా తల దించుకున్నడు.

"చెయ్యరు చాచీ," అన్న. ఆమెకు వినరాలే. అది గూడ గల్లీ అంత వినవడేటట్టు ఒర్రే చెప్పాల్సొచ్చింది.